వేపచెట్టు కింద కోళ్ల రోలు

పల్నాడులో కోడికి మేత పెట్టకపోయినా బతికేది. కళ్లంలో రాలిన జొన్నలు, పెంటదిబ్బలో పురుగులు, గడ్డివాము కింద చెదలు, చింతచెట్టు కింద చీమలు ఏరుకుంటూ, రోజంతా కాళ్లతో నేల గీరుకుంటూ తన కడుపు తాను నింపుకునేది. నీళ్లు మాత్రం దానికి ఎక్కడా దొరికేవి కావు. మాఘం దాటితే వాగు ఎండిపోయేది. చైత్రానికి చెరువు నెర్రెలిచ్చేది. బావిలో నీళ్లున్నా కోడికి అందవు. అందుకే మా వైపు కోళ్లు పెంచడమంటే అసలు పని నీళ్లు పెట్టడమే. మేత వెతుక్కోవడం కోడి వంతు, నీళ్లు పెట్టడం మనిషి వంతు. ఇంత తేటగా ఎవరూ చెప్పి ఉండరు గానీ, మా ఇళ్లలో ఆడవాళ్లందరూ ఈ లెక్క ప్రకారమే నడుచుకున్నారు.

మాది వెల్దుర్తి వైపు మెట్ట ఊరు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. అప్పటికి నాకు ఊహ తెలియదు. మా పెద్దవాళ్లు మాత్రం ఆ రోజు సంగతి ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు. డ్యామ్ మాకు దగ్గరే, దాని నీళ్లే మాకు అందలేదు. కుడికాల్వ కన్నా మా పొలాలు ఎత్తున ఉన్నాయి. కాల్వ కింది ఊళ్లలో వరి పండింది. మేం జొన్న, కంది, ఆముదం, మిరప మీదే ఉండిపోయాం. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం ఆ చుట్టుపక్కల ఊళ్లు దశాబ్దాలుగా ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఎండాకాలం రేడియోలో ప్రాంతీయ వార్తలు చివరికొచ్చేసరికి రెంటచింతలలో ఎండ ఎంతో చెప్పేవారు. ఆ అంకె చెవిన పడగానే మా నాయనమ్మ లేచి పెరట్లోకి వెళ్లి కోళ్ల రోలులో నీళ్లున్నాయో లేదో చూసి వచ్చేది.

ఎండలో కోడి పడే బాధ చూసినవాళ్లకే తెలుస్తుంది. దాని ఒంటి వేడి మామూలుగానే మనకన్నా ఎక్కువ, 41 డిగ్రీల దాకా ఉంటుంది. చెమట గ్రంథులు లేవు. ఒంటినిండా ఈకలు. వేడి పోగొట్టుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి నోరు తెరిచి రొప్పడం. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, గొంతు కొట్టుకుంటుండగా నీడలో నిలబడుతుంది. ఆ రొప్పుడులో ఒంట్లో నీళ్లు ఆవిరైపోతాయి. మామూలు రోజుల్లో పెద్ద పెట్ట పావు లీటరు దాకా తాగితే, వడగాడ్పులకు అది రెట్టింపు అవుతుంది. పైగా నీళ్లు వేడెక్కితే ముక్కు ముంచి వదిలేస్తుంది, తాగదు. దాహంతో ఉన్న కోడి ముందు మేత పోసినా ముట్టదు. గుడ్డు లోపలి సరుకులో ముప్పాతిక భాగం నీళ్లే. ఒక్క రోజు నీళ్లు లేకపోతే, ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా చాలా రోజుల దాకా గుడ్డు రాదు. “మనిషికి చెమట పోస్తది, దానికి అదీ లేదు. నోరుంది గానీ అడగలేదు. మనమే చూసుకోవాలమ్మాయ్” అనేది నాయనమ్మ.

మా పెరట్లో కోళ్లకు నీళ్లుండేది పాత రోట్లో. తరాల పాటు వడ్లు, జొన్నలు దంచి దంచి గుంట అడుగు పలచబడి, ఒక పక్క అంచు చెక్క లేచిపోయిన నల్లరాతి రోలు అది. దంచడానికి పనికిరాదని వేపచెట్టు మొదట్లో సగం దాకా నేలలో పాతారు. ఎవరి ఆలోచనో తెలియదు గానీ ఎంతో తెలివైన పని అది. రాయి బరువుకి కోడి ఎక్కినా, మేక తన్నినా, దూడ మూతి పెట్టినా ఒరగదు. సగం నేలలో ఉన్నందువల్ల నీళ్లు తొందరగా వేడెక్కవు. బయటికి కనిపించే అంచు సరిగ్గా కోడి వీపు ఎత్తుకు వచ్చేది. ఈ ఎత్తు చాలా ముఖ్యం. అంచు దానికన్నా కిందుంటే కోళ్లు గీరిన మట్టి, పేడ, వాటి రెట్టలు అన్నీ నీళ్లలోనే పడతాయి. పైకి ఉంటే చిన్న పెట్టలకు అందదు. చాలా ఏళ్ల తర్వాత కోళ్ల పెంపకం పుస్తకాల్లో ఇదే మాట చదివాను, నీళ్ల పాత్ర అంచు కోడి వీపుకు సమానంగా ఉండాలని.

చెట్టు కిందే ఎందుకు పాతారంటే నీడ కోసం. ఎండ పడే నీళ్లలో రెండు రోజులకే పచ్చటి పాచి పడుతుంది. నీడలో అంత తొందరగా పట్టదు. వేపాకులు రాలతాయి గానీ అవి పైనే తేలుతుంటాయి, చేత్తో తీసేస్తే సరిపోతుంది.

కోడి నీళ్లు తాగే తీరు వేరు. పావురం ముక్కు ముంచి తల ఎత్తకుండానే పీల్చుకుంటుంది. కోడికి ఆ సౌకర్యం లేదు. ముక్కుతో కాస్త తీసుకుని తల పైకెత్తితేనే నీళ్లు గొంతులోకి జారతాయి. దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నట్టు ఒక్కో గుక్కకీ తల ఎత్తి చూస్తుంది. అందుకే కోళ్ల నీళ్ల పాత్రకు మూతి వెడల్పుగా ఉండాలి, పైన ఏదీ అడ్డం ఉండకూడదు. మూతి సన్నంగా ఉన్న చెంబులో నీళ్లు పెడితే పుంజు తమ్మెలు అంచుకు రాసుకుంటాయి. తమ్మెలు, జుట్టు నీళ్లలో తడవడం ఎండాకాలం వాటికి హాయి కూడా. ఆ ఎర్రటి భాగాల నుంచి కూడా ఒంటి వేడి కొంత బయటికి పోతుంది. మధ్యాహ్నం పూట పుంజు రోటి దగ్గర నిలబడి తమ్మెలు ముంచి ముంచి తీయడం నాకు బాగా గుర్తు.

ఇక ఏ నీళ్లు పెట్టాలన్నది. మా వీధిలో రెండు బావులు ఉండేవి. ఒకటి ఉప్పునీళ్లది, ఒకటి మంచినీళ్లది. మంచినీళ్ల బావి దగ్గర ఎండాకాలం తెల్లవారుజామునే బిందెలు బారులు తీరేవి. చేద వేస్తే సగం నీళ్లు, సగం బురద. అలాంటి రోజుల్లో ఇంట్లో ఒక్క చుక్క కూడా వృథా పోయేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, అన్నం వార్చిన గంజి కుడితి తొట్టికి పోయేవి, అది గేదె సొత్తు. గిన్నెలు తోమిన నీళ్లు అరటి మొక్క పాదులోకి. ఒళ్లు కడుక్కున్న నీళ్లు కరివేపాకు చెట్టుకి. కోళ్లకు మాత్రం మనం తాగే కడవలో నీళ్లే. ఇంత కరువులో కోళ్లకి మంచినీళ్లేమిటని మా తాతయ్య ఒకసారి అడిగితే, “కుడితి తాగి కోడి పారుకుంటే ఆ ఖర్చు నువ్వు పెడతావా?” అని నాయనమ్మ గట్టిగా చెప్పింది. పులిసిన కుడితి గేదెకు బలం. కోడికి పారుడు. ఆ తేడా ఆమెకు ఎవరూ నేర్పలేదు, పెరట్లో రెట్టలు చూసి తెలుసుకుంది. చీపురు పట్టుకుని ఊడ్చేటప్పుడు రెట్ట పలచనైందా, తెల్లగా ఉందా, పచ్చగా ఉందా, రక్తపు జీర ఉందా అని చూసుకుంటూ ఊడ్చేది.

ఉప్పు విషయంలో మరీ కచ్చితంగా ఉండేది. మా వైపు ఆవకాయ, గోంగూర, చింతకాయ తొక్కు పెట్టిన జాడీలు కడిగిన నీళ్లు కోళ్లు తిరిగే చోట పారబోస్తే ఊరుకునేది కాదు. ఉప్పు ఎక్కువైన నీళ్లు తాగితే కోళ్లు, ముఖ్యంగా చిన్న పిల్లలు, నీరసించి కాళ్లు చాపి పడిపోతాయి. అందుకే ఊరగాయల రోజుల్లో జాడీల కడుగు నీళ్లు మోసుకెళ్లి వీధి చివర పోసిరావడం మా పిల్లల పని.

పిల్లల కోడికి రోలు పనికిరాదు. గుంట లోతు. నిన్న గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్ల అంచు మీదికెక్కి తొంగిచూస్తే చాలు, లోపల పడుతుంది. పడితే పైకి రాలేదు. కాబట్టి పిల్లలు దిగగానే రోటి మీద బండ మూసి, పెద్ద కోళ్లకు వేరే చోట నీళ్లు పెట్టేవాళ్లం. పిల్లల కోడికి మట్టి మూకుడు. వెడల్పుగా, లోతు తక్కువగా, రెండు వేళ్ల మందాన నీళ్లు. అందులో వాగులోంచి ఏరుకొచ్చిన గులకరాళ్లు పరిచేవాళ్లం. రాళ్ల సందుల్లో నీళ్లు కనిపిస్తాయి, పిల్ల ముక్కు పడుతుంది గానీ ఒళ్లు పట్టదు. తడిసి వణికిన పిల్ల బతకడం కష్టం, అందుకే ఈ జాగ్రత్త. కొత్త నీళ్ల మెరుపు చూసి పిల్లలు వాటంతట అవే పొడుస్తాయి. ఒకటి తాగితే మిగతావి దాన్ని చూసి తాగుతాయి. బద్ధకంగా ఉన్నదాన్ని నాయనమ్మ చేతిలోకి తీసుకుని దాని ముక్కు కొసను నీళ్లకు తాకించేది. ఒక్కసారి రుచి తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

ఆ మూకుళ్లు మా ఊరి కుమ్మరి చేసేవాడు. ఇంటికి ఎన్ని కడవలు, ఎన్ని చట్లు కావాలో అతనికి తెలుసు, పంట రాగానే గింజలు కొలిచేవాళ్లం. కోళ్ల మూకుడుకు అతను అంచు లోపలికి వంచకుండా నిటారుగా లేపేవాడు, అడుగు మందంగా ఉంచేవాడు. మందమైన అడుగు ఉంటే తేలిగ్గా కదలదు. బాగా కాలిన మూకుడు వేలితో కొడితే ఖంగున మోగాలి, మోగకపోతే తీసుకోవద్దని చెప్పింది అతనే. ఇంటికి తెచ్చిన కొత్త మూకుడును ఒక రాత్రి కుడితి తొట్టి పక్కన నీళ్లలో నానబెట్టి అప్పుడు వాడేవాళ్లం. మట్టి పాత్ర గోడల్లోంచి సన్నగా తేమ బయటికొచ్చి ఆవిరవుతుంటుంది. ఆ ఆవిరితో పాటు లోపలి వేడి పోయి నీళ్లు చల్లబడతాయి. మనుషుల కడవ పని చేసినట్టే కోళ్ల మూకుడు పనిచేసేది. ఎండ వేళ దాని కింద తడి ఇసుక పోస్తే ఇంకా చల్లన.

మూకుళ్లు ఎప్పుడూ జతగా ఉండేవి. ఒకటి వాడకంలో, ఒకటి పెరటి గోడ మీద బోర్లించి ఎండలో. ఈ ఏర్పాటు నాకు ఇప్పటికీ చాలా నచ్చుతుంది. మట్టి పాత్రకు జిడ్డు లోపలికి పడుతుంది. తోమినంత మాత్రాన పోదు. ఒక రోజంతా మండే ఎండలో ఉంటే లోపలి తేమ ఆరిపోయి, పాచి చచ్చి, వాసన పోతుంది. మర్నాడు దీన్ని దింపి దాన్ని ఎక్కించేవాళ్లం.

రోలు కడగడం పెద్ద పని, అది బోర్లించలేం కదా. కొబ్బరిచిప్పతో పాత నీళ్లు తోడి, మొండి చీపురుతో అడుగు గీకి, పొయ్యిలో బూడిద చల్లి కొబ్బరిపీచుతో రుద్ది, చెంబెడు నీళ్లతో కడిగి, ఆ మురికి మళ్లీ తోడిపోయాలి. వేలితో లోపల రాసి చూసేది నాయనమ్మ. జారితే మళ్లీ రుద్దాలి. రాయి గరుకు వేలికి తగిలితేనే ఒప్పుకునేది. ఈ వేలి పరీక్షకు మించినది నేను ఇంతవరకు చూడలేదు. కంటికి తేటగా కనిపించే నీళ్లలో కూడా పాత్ర గోడకు జిగురు పట్టి ఉంటుంది, రోగాలు పెరిగేది ఆ జిగురులోనే. నెలకోసారి పిడుగురాళ్ల సున్నం నీళ్లు రోటి చుట్టూ నేల మీద, కోళ్ల గూటి లోపల పూసేవాళ్లం. పిడుగురాళ్ల సున్నం బట్టీలు మా వైపు అందరికీ తెలుసు, సంచి సున్నం వస్తే గోడలకు కొట్టగా మిగిలింది కోళ్ల గూటికే. గూట్లో రాత్రి నీళ్లు ఉంచేది కాదు. కోళ్లు చీకట్లో తాగవు, ఒలికితే అడుగు తడిసి ఘాటు వాసన పుడుతుంది. తెల్లవారగానే గూటి తలుపు తీసేసరికి మాత్రం నీళ్లు సిద్ధంగా ఉండాలి. అవి బయటికి ఉరికి ముందు వెళ్లేది రోటి దగ్గరికే.

పొదుగు మీదున్న పెట్టను చూసుకోవడం మరో రకం. 21 రోజులు తట్టలో కదలకుండా కూర్చుంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే లేస్తుంది. లేచిన ఆ కాసేపట్లో తిని, తాగి, దుమ్ములో పొర్లి మళ్లీ గుడ్ల మీదికి చేరాలి. ఆలోపు నీళ్లకోసం వెతుక్కుంటూ తిరిగితే గుడ్లు చల్లబడిపోతాయి. అందుకని తట్టకు నాలుగడుగుల దూరంలో మూకుడు పెట్టేవాళ్లం. మరీ పక్కనే పెడితే ఒలికి తట్టలో ఊక తడుస్తుంది. రోహిణి కార్తెలో నాయనమ్మ అసలు పొదగేసేది కాదు. ఆ వేడికి పెట్టే తట్టుకోలేదు, ఇక గుడ్లేం నిలుస్తాయి అనేది.

సత్తు గిన్నెల మీద ఆమెకు నమ్మకం లేదు. తేలిక, పెట్ట అంచు మీద కాలేస్తే బోర్లా పడుతుంది, ఎండకు నీళ్లు కాగిపోతాయి. కట్టేసిన పుంజుకి మాత్రం అదే పెట్టేవాళ్లు. గుంజకు కాలు కట్టిన పుంజు తాడు తగిలి ఏ పాత్రనైనా దొర్లించేస్తుంది, మట్టిదైతే పగులుతుంది. నేలలో చిన్న గుంట తీసి గిన్నె అందులో దిగేసి చుట్టూ రాళ్లు పెడితే నిలిచేది. పల్నాడులో పుంజులకు ఉన్న గౌరవం వేరు. పల్నాటి యుద్ధం నాటి బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపోరు కథ మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కారంపూడిలో ఏటా జరిగే వీరారాధన ఉత్సవాల్లో కోడిపోరుకు ఒక రోజే ఉంది. అయినా పుంజు మోజంతా మగవాళ్లది. దానికి పొద్దున్నే నీళ్లు పెట్టే పని మాత్రం మా ఆడవాళ్లదే. ఇది నాకు చిన్నప్పుడే అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

హైస్కూల్లో చదువుతున్న మా బాబాయి ఒక ఎండాకాలం కొత్త ఏర్పాటు చేశాడు. వెడల్పు మూతి గాజుసీసా నిండా నీళ్లు నింపి, మూకుడులో బోర్లించి, మూతి అడుగుకు ఆనకుండా కింద చిన్న రాళ్లు పెట్టి, సీసాను పందిరి గుంజకు తాడుతో కట్టాడు. మూకుడులో నీళ్లు సీసా మూతి దాకా రాగానే ఆగిపోయాయి. కోళ్లు తాగి మట్టం తగ్గగానే బుడబుడమని గాలి లోపలికి పోయి మళ్లీ కాసిన్ని నీళ్లు దిగాయి. బయటి గాలి ఒత్తిడే లోపలి నీళ్లను నిలబెడుతోందని మాకు వివరించాడు. నాయనమ్మ చాలాసేపు చూసి, “ఇది బాగుందిరా. నేను పొలం పోయినా పిల్లల కోడికి నీళ్లు తక్కువ కావు” అని మెచ్చుకుంది. ఈరోజు బజారులో దొరికే ప్లాస్టిక్ నీళ్ల డబ్బాలు పనిచేసేది ఈ సూత్రంతోనే. పొలం పనికి వెళ్లిన ఆడమనిషికి మధ్యాహ్నం నీళ్ల బెంగ తీర్చింది కాబట్టే అది ఆమెకు నచ్చింది.

మా రోలు ఉన్న వేపచెట్టుకు అటు పక్క గోడ లేదు, కంప మాత్రమే. చుట్టుపక్కల ఇళ్ల కోళ్లన్నీ వచ్చి అక్కడే తాగేవి. నాయనమ్మ ఎవరి కోడినీ అదిలించేది కాదు. నీళ్ల దగ్గర నాది నీది ఏమిటి అనేది. కొక్కెర తెగులు వస్తే మాత్రం ఆ మాట పక్కన పెట్టేది. పశువైద్యులు రాణిఖేత్ అని పిలిచే రోగం అది. కోళ్లు నోరు తెరిచి గురగురమంటాయి, పచ్చగా పారుకుంటాయి, మెడలు మెలితిరిగిపోతాయి. ఒక ఇంట్లో మొదలైతే వారం తిరిగేసరికి వీధి వీధంతా ఖాళీ. మందు లేదు. ఊళ్లో ఎక్కడో కోడి తూగుతోందని తెలిసిన రోజే నాయనమ్మ రోటి మీద బండ మూసి, కోళ్లను గంపల కింద పెట్టి, ఏ గంప దగ్గర నీళ్లు ఆ గంప దగ్గరే పెట్టేది. దీని మీద పక్కింటి పెద్దమ్మతో ఒకసారి పెద్ద మాటే వచ్చింది. “నా కోళ్లేం పాపం చేశాయే, నీళ్లకు కూడా నోచుకోలేదా?” అని ఆమె. “నీ కోళ్లను కూడా నీ ఇంట్లోనే పెట్టుకోవే వదినా, నీకూ మంచిదే” అని ఈమె. తెగులు తగ్గాక బండ తీశారు, ఇద్దరూ మళ్లీ కలిసే చింతపండు ఒలుచుకున్నారు. ఒకే పాత్రలో ముక్కులు పెట్టడం వల్ల రోగం పాకుతుందని నాయనమ్మ పట్టుకుంది. ఊళ్లో చాలామంది దిష్టి అనుకుంటున్న కాలంలో ఆమె అంత దూరం ఆలోచించింది.

తర్వాత టీకా వచ్చింది. అదీ నీళ్ల పాత్ర ద్వారానే. పశువుల ఆసుపత్రి కాంపౌండర్ మంచు ముక్కల మధ్య చిన్న సీసా తెచ్చి ఎలా పెట్టాలో చెప్పి వెళ్లేవాడు. పొద్దున రెండు గంటల పాటు కోళ్లకు నీళ్లు పెట్టకూడదు, దాహం వేయాలి. నీళ్లలో లీటరుకు 5 గ్రాముల చొప్పున వెన్న తీసిన పాలపొడి కలిపి, అందులో మందు కలిపి, రెండు గంటల్లోపే తాగించేయాలి. పాత్రకు సబ్బు, బ్లీచింగ్ వాసన ఉండకూడదు. అవి తగిలితే టీకాలోని సూక్ష్మజీవి చచ్చిపోయి మందు వట్టి నీళ్లవుతుంది. పంచాయతీ వాళ్లు మంచినీళ్ల బావిలో బ్లీచింగ్ పౌడర్ వేసిన వారం అయితే నాయనమ్మ ఆ నీళ్లు వాడేది కాదు, మరో వీధిలోని బావికి మమ్మల్ని పంపేది. కడిగి ఎండలో ఆరబెట్టిన మట్టి మూకుళ్లే ఆ రోజుకు సరిగ్గా సరిపోయేవి. టీకా లేక ఏటా కోళ్లు పోగొట్టుకున్న వీధిలో, ఆ తర్వాత మా ఇంట్లో కోళ్లు నిలిచాయి.

ఇంత శ్రద్ధ ఊరికే కాదు. కోళ్ల మీద వచ్చే డబ్బు ఇంట్లో ఆడవాళ్ల చేతిలోకి నేరుగా వచ్చేది. మిరప, ఆముదం అమ్మిన డబ్బు అప్పులవాళ్లకూ ఎరువుల కొట్టుకూ పోయేది. గుడ్లు అంగడికి పంపితే ఉప్పు, అగ్గిపెట్టె, కిరసనాయిలు, తమలపాకులు వచ్చేవి. నా పలకలు, నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఆ గుడ్ల మీదే నడిచాయి. చుట్టం వస్తే కోడి కోసేది, కానీ గుడ్లు పెట్టే పెట్టను కోయడానికి ఎవరడిగినా ఒప్పుకునేది కాదు. పెట్ట గుడ్డు పెట్టాలంటే నీళ్లు ఉండాలి. నీళ్లు మోసింది ఆడవాళ్లు. కనుక ఆ డబ్బు వాళ్లదే అనడంలో న్యాయం ఉంది.

కోళ్ల ఫారాల కాలం వచ్చాక లెక్క మారింది. హైదరాబాద్‌లో 1971లో బి.వి.రావు వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టారు, 1982లో గుడ్ల రైతుల కోసం జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఏర్పడింది. మా బంధువులు నరసరావుపేట వైపు షెడ్డు వేస్తే చూడటానికి వెళ్లాం. షెడ్డు పొడవునా ఇనుప రేకు కాల్వలో నీళ్లు పారుతున్నాయి. తర్వాత గంట ఆకారపు ప్లాస్టిక్ పాత్రలు పైనుంచి వేలాడాయి. ఇంకా తర్వాత పైపుకు కింద చిన్న నిపుల్స్, కోడి ముక్కుతో పొడిస్తే చుక్క రాలుతుంది. వేలాది కోళ్లకు ఒకరిద్దరు మనుషులు నీళ్లు చూసుకోవాలంటే అదే దారి, దాన్ని తప్పు పట్టను. ఆ గుడ్డు చవకగా రావడం వల్ల పేద ఇళ్లలో పిల్లల కంచంలోకి గుడ్డు వచ్చింది. కానీ మా నాయనమ్మ గుడ్డుకి అంగట్లో గిరాకీ తగ్గింది. అదే రోజుల్లో బోరు మోటార్లు వచ్చాయి, బావి పూడింది. పెరళ్లకు సిమెంటు చేశారు, గీరుకునే నేల లేకుండా పోయింది. మిక్సీలు వచ్చాక రోళ్లు మూలపడ్డాయి. ప్లాస్టిక్ బిందె రాగానే కుమ్మరి ఆవం ఆరిపోయింది, అతని కొడుకులు హైదరాబాద్‌లో కూలికి వెళ్లారు. నాయనమ్మ పోయాక మా ఇంట్లో కోళ్లు పెంచినవాళ్లు లేరు. వేపచెట్టు కొట్టేసి అక్కడ గది కట్టారు.

ఇప్పుడు మళ్లీ నాటుకోడికి రేటు పెరిగింది. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన కేంద్రం పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాల కోళ్లు ఊళ్లలో కనిపిస్తున్నాయి. నగరాల్లో ఇంటి వెనక, మేడ మీద కూడా నాలుగైదు కోళ్లు పెంచేవాళ్లు ఉన్నారు. నా బంధువుల్లోనే ఇద్దరు పెంచుతున్నారు. వాళ్లిళ్లకు వెళితే నేను మొదట చూసేది నీళ్ల పాత్రే. చాలాచోట్ల ఎర్ర మూత ప్లాస్టిక్ డబ్బా ఎండలో ఉంటుంది, అంచు చుట్టూ పచ్చటి పాచి. డబ్బాలో నీళ్లు కనిపిస్తున్నాయి కదా అని నాలుగు రోజులు కడగరు. పాత్ర దానంతటదే నిండుతుంది గానీ దానంతటదే శుభ్రపడదు.

ప్లాస్టిక్ డబ్బా చిన్న పిల్లలకు మంచిదే. అంచు సన్నం, మునిగే భయం లేదు. నిపుల్ కూడా మంచిదే, రెట్ట పడదు, ఊరపిచ్చుకలు, కాకులు వచ్చి మూతి పెట్టవు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు అడవి పక్షులు తాగే నీళ్లు కోళ్లకు ఎంత ముప్పో అందరం విన్నాం. అలాంటి రోజుల్లో మూసిన పాత్రే నయం. కానీ ఎండలో సన్న పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, కోడి పొడిచి వదిలేస్తుంది. పది లోపు పెద్ద కోళ్లున్న ఇంటికి, మా ప్రాంతపు ఎండలకు, నీడలో మందపాటి అడుగున్న మట్టి మూకుడును మించింది లేదని నా అభిప్రాయం.

కోళ్లు పెంచుతున్నవారికి నాదొక విన్నపం. మీ ఊరి సంతలో ఇంకా కుండలు అమ్మే కుమ్మరి ఉంటే, మాఘమాసం వెళ్లేలోపే ఒక జత మూకుళ్లు కొనండి, వేలితో కొట్టి మోగినవే తీసుకోండి. ఒకటి నీడలో ఇటుకల మీద కోడి వీపు ఎత్తున పెట్టండి, రెండోది ఎండలో బోర్లించండి. పొద్దున గూడు తీసే ముందు ఒకసారి, ఎండాకాలం మధ్యాహ్నం మరోసారి నీళ్లు మార్చండి. పోసే ముందు లోపల వేలితో రాసి చూడండి. జారితే మళ్లీ తోమండి.